సీసా గాలికి ఎన్ని ఓవర్లు?

బంతులు వేసే మెషీన్ కావాలంటే సులువైన దారి ఒకటుంది: రెండు చక్రాలు పక్కపక్కన పెట్టి ఎదురెదురుగా తిప్పడం, మధ్యలోకి బంతి దూర్చడం. క్రికెట్ అకాడమీల్లో ఎక్కువగా కనిపించేవి అవే, నిజంగా బ్యాటింగ్ ప్రాక్టీసు కోసమైతే నేనూ అదే చేసుకోమంటాను. కానీ మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ సెల్లార్లో సాయంత్రాలు ఆడే పిల్లలకి అది ఆనలేదు. "అంకుల్, బౌలర్ అంటే చెయ్యి తిప్పాలి కదా" అన్నాడు ఒకడు. పదేళ్లు కూడా ఉండవు, వాదించడంలో మాత్రం గట్టివాడు. సరే, చెయ్యి ఉన్న రోబోనే చేద్దాం అనుకున్నాక మోటరుతో తిప్పాలా, నొక్కి నింపిన గాలితో నెట్టాలా అన్న ప్రశ్న వచ్చింది. నేను గాలి వైపు వెళ్లాను.

కారణం చాలా సింపుల్. మోటరుని అడ్డం పట్టి ఆపితే కరెంటు గుంజి గుంజి వేడెక్కుతుంది, చిన్న సర్వో (చెప్పిన కోణం దగ్గర ఆగే మోటరు) అయితే కాసేపటికి కాలిన వాసన వస్తుంది. గాలి సిలిండర్ అంటే లోపలి పిస్టన్‌ని గాలి నెడితే రాడ్ బయటికి వచ్చే గొట్టం, దాన్ని అడ్డం పట్టి ఆపితే దానికేం కాదు, నెడుతూ అలాగే నిలబడుతుంది, పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబెట్టినా సరే. పైగా ఒక్క ఉదుటున ఈ కొస నుంచి ఆ కొసకి పోవడంలో దాన్ని మించింది లేదు, అదీ చవకలో. మధ్యలో ఎక్కడైనా ఆగమంటే మాత్రం ఆగదు. ఆ పని కావాలంటే సర్వో కొనుక్కోండి, గాలి జోలికి రావద్దు.

ఇంకో మాట. కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరూ సిలిండర్ ఏది కొనాలి, ఎంత బోర్ (లోపలి వ్యాసం), ఏ కంపెనీ అంటూ అక్కడే తిరుగుతుంటారు. నన్నడిగితే సిలిండర్ ఆఖరి విషయం. డబ్బులిస్తే దుకాణంలో ఇస్తారు. గాలిని నింపడం, దాచడం, కారిపోకుండా కాపాడుకోవడం, కావలసిన క్షణంలో ఒక్కసారిగా వదలడం, పనంతా ఇక్కడుంది. తల ఇక్కడ పెట్టాలి, డబ్బులూ ఇక్కడే పెట్టాలి.

అయినా లెక్క సిలిండర్ నుంచే మొదలవుతుంది కాబట్టి అది ముందు చూద్దాం. బలం అంటే పీడనం ఇంటూ వైశాల్యం, స్కూల్లో చదివిందే. 25 ఎంఎం బోర్ ఉన్న సిలిండర్‌లో పిస్టన్ వైశాల్యం సుమారు 491 చదరపు మిల్లీమీటర్లు. 3 బార్ దగ్గర అది 147 న్యూటన్లు, అంటే 15 కిలోల నెట్టుడు. రాడ్ లోపలికి వచ్చేటప్పుడు మాత్రం ఇంత రాదు, ఎందుకంటే 10 ఎంఎం రాడ్ కొంత చోటు తినేస్తుంది, 412 చదరపు మిల్లీమీటర్లే మిగులుతుంది, అప్పుడు 12.6 కిలోలు. సీళ్ల (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు) రాపిడి వల్ల కాగితం మీద లెక్కలో కొంత పోతుంది, నేను నాలుగింట మూడొంతులే నమ్ముతాను. బార్ అంటే తెలియనివాళ్లకి: ఒక బార్ 14.5 పీఎస్ఐ. పెట్రోల్ బంకులో కారు టైర్లకి 32, 33 అని కొట్టిస్తాం కదా, అది రెండు బార్ పైచిలుకు. మనం వాడేది దానికి కాస్త ఎక్కువ, అంతే. పీడనం అంకె చిన్నదే, కానీ ఆ గాలి ఎంత ఘనపరిమాణంలో ఉందన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుంది, ఆ సంగతికి వస్తాను.

సామాను కోసం హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి అదృష్టం రాణిగంజ్. పంపులు, బేరింగులు, వాల్వులు, పైపులు అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడ "రోబో చేస్తున్నానండీ, చిన్న సిలిండర్ ఉందా" అంటే పని జరగదు. "ఎంత బోర్, ఎంత స్ట్రోక్, డబల్ యాక్టింగా సింగిలా చెప్పు అన్నా" అని అడుగుతారు, చెప్పలేకపోతే వెనకాల ఉన్నాయన వైపు తిరుగుతారు. స్ట్రోక్ అంటే రాడ్ కదిలే దూరం, డబల్ యాక్టింగ్ అంటే రెండు వైపులకీ గాలే నెట్టేది. "25 బోర్, 100 స్ట్రోక్, డబల్ యాక్టింగ్, గుండ్రటి మినీ సిలిండర్" అని ఒక్క ఊపిరిలో చెప్పండి, రెండు నిమిషాల్లో కౌంటర్ మీద ఉంటుంది. ఈ మినీ సిలిండర్లకి ఐఎస్ఓ 6432 అనే ప్రమాణం ఉంది, 8 నుంచి 25 ఎంఎం బోర్ దాకా వర్తిస్తుంది, దానివల్ల ఏ కంపెనీది కొన్నా బిగింపు కొలతలు ఒకటే ఉంటాయి. పాత ప్యాకింగ్ మెషీన్ల నుంచి ఊడదీసినవి కూడా దొరుకుతాయి. తీసుకునే ముందు రాడ్‌ని వేళ్లతో తడిమి చూడండి, గీత తగిలితే వద్దు. ఆ గీత సీల్‌ని కొరికేస్తుంది.

కొనేటప్పుడే అడిగి తీసుకోవలసిన ఒక చిన్న వస్తువు రాడ్ చివర నట్టు. 25 బోర్ సిలిండర్ రాడ్ మీద థ్రెడ్ ఎం10 ఇంటూ 1.25, అంటే 10 ఎంఎం లావు, పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 1.25 ఎంఎం. మామూలు హార్డ్‌వేర్ షాపులో ఎం10 నట్టు అంటే 1.5 పిచ్ ది ఇస్తారు. చూడ్డానికి ఒకటే, ఒక చుట్టు ఎక్కుతుంది కూడా, ఆ తర్వాత బిగుసుకుంటుంది, పానా వేసి బలవంతంగా తిప్పితే రాడ్ థ్రెడ్ పాడైపోతుంది. అలాగే రాడ్ చివర వై ఆకారపు క్లెవిస్, సిలిండర్ వెనక పిన్ను బ్రాకెట్ తప్పకుండా తీసుకోండి. చెయ్యి వృత్తంలో తిరుగుతుంది, రాడ్ నిటారుగా నెడుతుంది. సిలిండర్‌ని కదలకుండా బిగించేస్తే ఆ తేడా అంతా రాడ్ మీద పక్క బరువుగా పడుతుంది, ముందు సీల్ అరుగుతుంది, తర్వాత రాడ్ వంగుతుంది. రెండు కొసలా పిన్ను మీద ఊగనివ్వాలి.

ఇక గాలి దాచడం. రోబో మీద ట్యాంకు తేలిగ్గా ఉండాలి. ఇక్కడ చాలామందిని ఆశ్చర్యపరిచే సంగతి ఏంటంటే కూల్‌డ్రింక్ సీసా ఈ పనికి బాగా పనికొస్తుంది. 2.25 లీటర్ల సోడా సీసా లోపల ఎండాకాలంలో మామూలుగానే కొన్ని బార్ల పీడనం ఉంటుంది, దాన్ని తట్టుకునేలానే ఆ పెట్ ప్లాస్టిక్ సీసా తయారవుతుంది. కాలేజీ పిల్లలు పోటీపడే ఏబీయూ రోబోకాన్ తెలుసు కదా, 2002లో టోక్యోలో మొదలై, 2008లో, 2014లో మన పుణెలో జరిగింది, ఆ రోబోల వీపుల మీద ఇలాంటి సీసాలు కట్టి ఉండటం మామూలే. ఇటీవలి నిబంధనల్లో అక్కడ పరిమితి 600 కిలోపాస్కల్, అంటే 6 బార్. అమెరికాలో హైస్కూల్ పిల్లల ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో దాచుకునేది 120 పీఎస్ఐ, వాడేది 60 పీఎస్ఐ దాటకూడదు. నేను సీసాలకి 5 బార్ దగ్గర గీత గీసుకున్నా, చెయ్యికి ఇచ్చేది 3 బార్. సోడా సీసా అన్నాను, మంచినీళ్ల సీసా కాదు. నీళ్ల సీసా పల్చగా ఉంటుంది, దానికి గాలి పెట్టే ఆలోచనే వద్దు.

ప్రమాదం సంగతి ఇక్కడ. మా రోబో మీదున్న రెండు సీసాలు కలిపి నాలుగున్నర లీటర్లు. 5 బార్ దగ్గర అందులో దాగిన శక్తి సుమారు రెండున్నర వేల జౌళ్లు. పాతిక కిలోల బియ్యం బస్తా మూడో అంతస్తు మీంచి, అంటే పది మీటర్ల నుంచి కింద పడితే ఎంతో అంత. సీసా పగిలితే అదంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది. అందుకే సీసాని గాలితో కాదు, ముందు నీళ్లతో పరీక్షించాలి. మూతి దాకా నీళ్లు నింపి, గాలి బుడగ లేకుండా చూసి, పంపుతో 8 బార్ దాకా తీసుకెళ్లి పది నిమిషాలు వదిలేయండి. నీళ్లు దాదాపు అణగవు కాబట్టి అందులో శక్తి చాలా తక్కువ దాగుతుంది, పగిలినా నేల తడుస్తుంది, అంతే. తట్టుకున్న సీసాకి దళసరి గుడ్డ తొడుగు కుట్టించి దాని మీద టేపు చుట్టాలి, ఎప్పుడైనా చీలినా ముక్కలు అందులోనే ఆగుతాయి. ఎండలో పెట్టొద్దు. మన మే నెల ఎండకి పార్క్ చేసిన కారులో వదిలేస్తే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, గీతలు పడ్డా, మడత తెల్లగా కనిపించినా పారేయండి, కొత్త సీసా ఖర్చు ఒక పార్టీలో వచ్చేస్తుంది.

సేఫ్టీ వాల్వ్ ఒకటి 5.5 బార్‌కి సెట్ చేసినది ట్యాంకు మీదే ఉండాలి, దానికీ ట్యాంకుకీ మధ్య ఏ కుళాయీ ఉండకూడదు. ఇది బేరం లేని విషయం.

పీవీసీ పైపుతో ట్యాంకు చేసే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు. వద్దు. ఆ పైపు మీద రాసి ఉండే పీడనం నీళ్లకి సంబంధించింది. గాలి పెట్టి దెబ్బ తగిలితే పీవీసీ చీలదు, పదునైన ముక్కలై ఎగురుతుంది. ఎండకి, వయసుకి ఇంకా పెళుసుగా అవుతుంది. బోరు పైపు ముక్క ఇంట్లో ఊరికే పడి ఉందనే ఒక్క కారణానికి పిల్లల మధ్య అది పెట్టలేం కదా.

గాలి నింపడానికి రెండు దారులు. కారు సిగరెట్ సాకెట్‌కి పెట్టుకునే 12 వోల్టుల టైరు పంపు ఒకటి. చవక, కానీ గోల, పది పదిహేను నిమిషాలు నడిస్తే చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. రెండోది పాత ఫ్రిజ్ కంప్రెసర్. నా ఓటు దీనికే, ఎందుకంటే అపార్ట్‌మెంట్‌లో శబ్దం ముఖ్యం. టైరు పంపు రాత్రి తొమ్మిదింటికి బాల్కనీలో పెట్టి నడిపితే కింద ఫ్లోర్ ఆంటీ పైకి వస్తారు. ఫ్రిజ్ కంప్రెసర్ పక్క గదిలో నడుస్తున్నా తెలియదు. నెమ్మది అన్న మాట నిజమే, నాలుగున్నర లీటర్ల సీసాలకి ఆ నెమ్మది సరిపోతుంది. దాన్ని రోబో మీద పెట్టం, నేల మీదే ఉంటుంది, సీసాలకి క్విక్ కప్లర్ (చటుక్కున తగిలించి ఊడదీసే జాయింటు) తగిలించి నింపుకుని తీసేస్తాం.

ఫ్రిజ్‌లోంచి కంప్రెసర్ తీయడం మాత్రం మీరు చేయకండి. పైపు కోసేస్తే లోపలి గ్యాస్ గాలిలోకి పోతుంది, కొత్త ఫ్రిజ్‌లలో ఉండే ఆర్600ఎ అంటే ఐసోబ్యూటేన్, నిప్పు తగిలితే మండే గ్యాస్. మా వీధి చివర మెకానిక్ అన్న పద్ధతిగా గ్యాస్ తీసి, రిలే (స్టార్ట్ చేసేది), ఓవర్‌లోడ్ (భారం ఎక్కువైతే కరెంటు ఆపేది) రెండూ దానికే ఉంచి ఇచ్చాడు. ఇస్తూ ఒకటే చెప్పాడు, "సార్, లోపల ఆయిల్ ఉంటది, అడ్డం పడుకోబెట్టకు, నిలువుగనే పట్టుకపో." ఆటోలో కాళ్ల మధ్య నిలబెట్టి తెచ్చుకున్నా. మూడు రాగి పైపులుంటాయి. కరెంటు ఇచ్చి బొటనవేలు అడ్డం పెడితే నెట్టేది డిశ్చార్జ్, అది మిగతావాటికన్నా సన్నగా ఉంటుంది. పీల్చేవి రెండు, రెండూ డొల్లలోకే తెరుచుకుంటాయి, ఒకదానికి ఫిల్టర్ పెట్టి రెండోది మూసేయండి. 230 వోల్టుల టెర్మినళ్ల మీద ప్లాస్టిక్ మూత, ఎర్త్ వైరు ఉండాల్సిందే.

ఈ కంప్రెసర్లకి ఒక గుణం ఉంది, పుస్తకాల్లో కన్నా చేతుల్లోనే బాగా తెలుస్తుంది. ఎదురు పీడనం ఉంటే స్టార్ట్ అవ్వవు. ఫ్రిజ్‌లో ఆగినప్పుడు రెండు వైపులా పీడనం నెమ్మదిగా సమానమైపోతుంది, మళ్లీ తేలిగ్గా మొదలవుతుంది. మన ట్యాంకు విషయంలో అలా కాదు, ట్యాంకులో 4 బార్ ఉండగా ఆన్ చేస్తే ఒక మూలుగు మూలిగి ఓవర్‌లోడ్ టక్కున పడిపోతుంది. అందుకని ట్యాంకు ముందు నాన్ రిటర్న్ వాల్వ్ (గాలిని ఒక వైపే పోనిచ్చేది), దానికీ కంప్రెసర్‌కీ మధ్య ఉన్న కాస్త గాలినీ ఆగిన వెంటనే వదిలేసే అన్‌లోడర్ కావాలి. పంక్చర్ షాపుల్లో కంప్రెసర్ ఆగగానే 'టుస్స్' మని శబ్దం వస్తుంది చూడండి, అదే ఇది. ప్రెషర్ స్విచ్ (పీడనం నిండగానే కంప్రెసర్‌ని ఆపేది) కొనేటప్పుడు అన్‌లోడర్ ఉన్నదే అడగండి, స్విచ్ పక్కన సన్నటి పైపు పెట్టుకునే చిన్న ముక్క ఉంటుంది.

ఆయిల్ సంగతి ఇంకోటి. కంప్రెసర్ కొద్ది కొద్దిగా ఆయిల్‌ని గాలితో పాటు బయటికి పంపుతుంది. ఆర్134ఎ గ్యాస్ వాడిన ఫ్రిజ్ అయితే అందులో ఉండేది ఎస్టర్ రకం సింథటిక్ ఆయిల్. కంప్రెసర్ తర్వాత గాలి దారిలో మనం పెట్టుకునే ఫిల్టర్ కింద పారదర్శకంగా ఒక గిన్నె ఉంటుంది కదా, అది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఈ రకం ఆయిల్ తగిలి తగిలి దానికి సన్న పగుళ్లు వస్తాయి, పీడనం మీద ఉండగా ఒకరోజు పగులుతుంది. లోహపు గిన్నె ఉన్న ఫిల్టర్ తీసుకోండి, లేదా కనీసం గిన్నె చుట్టూ లోహపు తొడుగు ఉన్నది. వానాకాలంలో ఆ గిన్నెలో నీళ్లు ఎంత చేరతాయో చూస్తే హైదరాబాద్ గాలిలో తేమ గురించి మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు. వాడిన ప్రతిసారీ కింది నాబ్ తిప్పి నీళ్లు వదిలేయాలి.

పైపులకి 6 ఎంఎం పీయూ (పాలీయురెథేన్ ప్లాస్టిక్) ట్యూబ్, పుష్ ఫిట్టింగులు (ట్యూబ్ దూరిస్తే పట్టేసుకునేవి). ట్యూబ్‌ని కత్తెరతో ఏటవాలుగా కత్తిరిస్తే ఫిట్టింగ్ లోపల రబ్బరు రింగుకి ఒక పక్క ఆనదు, సన్నగా కారుతూనే ఉంటుంది. కొత్త బ్లేడుతో, నిటారుగా, ఒక్క కోతలో తెగాలి. థ్రెడ్ల మీద టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మొదటి చుట్టు థ్రెడ్ ఖాళీగా వదలండి. ప్లంబర్లు కొసదాకా చుట్టేస్తారు, నీళ్ల పైపుకి అది చెల్లుతుంది. మనకి చెల్లదు, ఎందుకంటే కొసన తెగిన టేపు పోగు గాలితో కొట్టుకెళ్లి వాల్వ్ లోపల స్పూల్‌లో (అటూ ఇటూ జరిగి గాలి దారి మార్చే కడ్డీ) ఇరుక్కుంటుంది, వాల్వ్ సగంలో ఆగిపోతుంది, మీరు కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ ఉంటారు. లీకులకి సబ్బు నీళ్లే. పాత్రల సబ్బు కాస్త నీళ్లలో కలిపి బ్రష్‌తో ప్రతి జాయింటుకీ రాయండి. పెద్ద బుడగ అయితే వెంటనే కనిపిస్తుంది, మోసం చేసేది చిన్న లీకు: తెల్లటి నురగ ఆవగింజంత మొదలై నిమిషం తర్వాత శనగగింజంత అవుతుంది. ఓపిగ్గా కూర్చోవాలి. రాత్రి గేజీ చూసి పడుకుని పొద్దున మళ్లీ చూడటం ఇంకో పద్ధతి, అయితే రాత్రీ పగలూ ఉష్ణోగ్రత మారితే ముల్లు కూడా కొద్దిగా కదులుతుంది, దానికి కంగారు పడొద్దు.

వాల్వ్ దగ్గరికి వద్దాం, సిలిండర్‌లోకి గాలిని వదిలేది ఇదే. మనకి కావలసింది 5/2 రకం, అంటే అయిదు రంధ్రాలు, రెండు స్థితులు. ఒక రంధ్రంలో గాలి లోపలికి, రెండు సిలిండర్‌కి, రెండు వాడిన గాలి బయటికి. రాణిగంజ్‌లో ఎక్కువగా ఇచ్చేది 4వి210-08 రకం, పావు ఇంచు థ్రెడ్. ఇందులో కరెంటుతో పనిచేసే కాయిల్ నేరుగా స్పూల్‌ని కదపదు, చిన్న పైలట్ రంధ్రాన్ని తెరుస్తుంది, స్పూల్‌ని నెట్టేది గాలే. అందుకే కనీసం 1.5 బార్ లేకపోతే కాయిల్ 'టిక్' మంటుంది కానీ ఏమీ కదలదు. తక్కువ పీడనంతో భద్రంగా పరీక్షిద్దాం అని 1 బార్ పెట్టి, వాల్వ్ పాడైందని దుకాణానికి తిరిగి పట్టుకెళ్లేవాళ్లు చాలామంది.

కరెంటు భాగం చిన్నదే. 12 వోల్టుల కాయిల్ తీసుకుంటే మూడు సెల్స్ లిథియం ప్యాక్ సరిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఆర్డునో నానో (కోడ్ నడిపే చిన్న బోర్డు), ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (కాయిల్‌ని ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్), 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒక వైపే పోనిచ్చేది) పది నిమిషాల్లో కొనొచ్చు. డయోడ్‌ని కాయిల్‌కి అడ్డంగా, గీత ఉన్న కొస ప్లస్ వైపు. అది లేకపోతే కాయిల్ ఆగే క్షణంలో వచ్చే ఎదురు వోల్టేజి మాస్‌ఫెట్‌ని చంపేస్తుంది. కోడ్ గురించి రాయడానికి ఏమీ లేదు, బటన్ నొక్కితే మూడు సార్లు బజర్, ఆ తర్వాత పిన్ను ఆన్, మూడువందల మిల్లీసెకన్ల తర్వాత ఆఫ్.

దీనికన్నా ముఖ్యమైంది ఎమర్జెన్సీ. మోటర్ల రోబోలో బ్యాటరీ స్విచ్ ఆపేస్తే అన్నీ ఆగుతాయి. ఇక్కడ ఆగవు. స్ప్రింగ్ రిటర్న్ వాల్వ్‌కి కరెంటు తీసేస్తే అది రెండో స్థితికి పోతుంది, గాలి ఉంటే సిలిండర్ ఆ వైపుకి బలంగా కదులుతుంది, ఎవరి తల అడ్డముందో దానికి తెలియదు. కాబట్టి గాలిని ఆపే ఏర్పాటు వేరే ఉండాలి. మామూలు బాల్ వాల్వ్ పెడితే అది దారి మూస్తుందే కానీ అవతల చిక్కిన గాలి అలాగే ఉంటుంది. పెట్టాల్సింది హ్యాండ్ స్లైడ్ వాల్వ్. పైనున్న తొడుగుని ఇటు జరిపితే గాలి పారుతుంది, అటు జరిపితే దారి మూసుకుని, అవతల ఉన్న గాలి కూడా రంధ్రంలోంచి బయటికి పోతుంది. మా రోబోకి అది ఎర్ర టేపు చుట్టి వెనక వైపు ఉంది, బంతి పెట్టేవాడు ముందు దాన్ని జరపాలి, జరిపాక చెయ్యిని చేత్తో ఊపి చూపించాలి, అప్పుడే బంతి పెట్టనిస్తాను. పిల్లలు ఈ ఒక్క రూల్‌ని మాత్రం అంపైర్ మాట కన్నా గట్టిగా పాటిస్తున్నారు.

ఇప్పుడు అసలు మజా, వేగం. చెయ్యి 56 సెంటీమీటర్లు, ఇరుసు నుంచి 7 సెంటీమీటర్ల దూరంలో రాడ్ నెడుతుంది. ఎనిమిది రెట్లు. పిస్టన్ సెకనుకి ఒక మీటరు వేగంతో కదిలితే బంతి 8 మీటర్లతో, అంటే గంటకి 29 కిలోమీటర్లతో పోతుంది. పిల్లల ఆటకి అది చాలు. కానీ బలం కూడా ఎనిమిదో వంతే అవుతుంది, 147 న్యూటన్లు కాస్తా బంతి దగ్గర 18. టెన్నిస్ బంతి 58 గ్రాములే, అది సమస్య కాదు, చెయ్యి బరువే సమస్య. ఇనుప చెయ్యి పెడితే గాలంతా ఇనుముని తిప్పడానికే పోతుంది. కిటికీలు చేసే షాపులో మిగిలిన అల్యూమినియం సెక్షన్ ముక్క అడిగితే ఇచ్చారు, కొసన ప్లాస్టిక్ కప్పు, బోల్టులు అన్నీ ఇరుసు వైపే. ఇరుసుకి బుష్‌లు బాలానగర్‌లో లేత్ మీద చేయించాను. అలాంటి పనులు సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లకి 2023లో రాయదుర్గంలో తెరుచుకున్న టీ వర్క్స్ అనే వర్క్‌షాప్ ఉంది.

సిలిండర్ ఎంత బలమైనదైనా గాలి వేగంగా లోపలికి రావాలి, అంతకన్నా ముఖ్యంగా అవతలి వైపు గాలి వేగంగా బయటికి పోవాలి. ఇది చాలామంది పట్టించుకోరు. పిస్టన్ ముందుకు పోతుంటే ముందున్న గాలి సన్న ట్యూబులోంచి, వాల్వ్ లోంచి, సైలెన్సర్ లోంచి బయటపడాలి, అంతసేపూ అది పిస్టన్‌ని వెనక్కి నెడుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీల్లో కదలిక మెత్తగా ఉండాలని కావాలనే ఆ దారిని స్క్రూతో ఇరుకు చేస్తారు. మనకి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. పోర్టు (సిలిండర్ గాలి రంధ్రం) దగ్గరే క్విక్ ఎగ్జాస్ట్ వాల్వ్ (గాలిని అక్కడికక్కడే బయటికి వదిలేది) పెట్టడం ఒక మందు, పనిచేస్తుంది. నాకు ఇంకా నచ్చింది మరోటి: రాడ్ వైపు పోర్టుకి అసలు ట్యూబే పెట్టకుండా, దుమ్ము పోకుండా ఒక ఇత్తడి సైలెన్సర్ బిగించి వదిలేయడం. చెయ్యి వెనక్కి రావడానికి పాత సైకిల్ ట్యూబ్ రబ్బరు. వాల్వ్‌లో పనిలేని పోర్టుకి ప్లగ్.

దీనివల్ల వేగం పెరిగింది, దానికి మించి గాలి మిగిలింది. లెక్క చూడండి. సిలిండర్ ముందుకు పోవడానికి 49 మిల్లీలీటర్లు, 3 బార్ అంటే వాతావరణ పీడనం ఒక బార్ కలిపి 4, కాబట్టి 196 మిల్లీలీటర్ల మామూలు గాలి. వెనక్కి రావడానికి ఇంకో 165. మొత్తం 360. రెండు సీసాల్లో 5 బార్ నుంచి 3 బార్‌కి దిగేలోపు దొరికేది 9 లీటర్లు. అంటే 25 బంతులు, నాలుగు ఓవర్లు, టీ20 బౌలర్ కోటా అయిపోయింది. రబ్బరుతో వెనక్కి లాగితే బంతికి 196 మాత్రమే, 45 బంతులు, ఏడు ఓవర్లు దాటుతుంది. ట్యూబు కూడా గాలి తింటుంది, 4 ఎంఎం లోపలి వ్యాసం ఉన్న ట్యూబు మీటరుకి 12.6 మిల్లీలీటర్లు, అంటే సిలిండర్‌లో నాలుగో వంతు ప్రతి బంతికీ వృథా. అందుకే వాల్వ్‌ని సిలిండర్ నడుముకే బిగించాను, మధ్యలో జానెడు ట్యూబే ఉంది. రెగ్యులేటర్ (సీసాల పీడనాన్ని 3 బార్‌కి తగ్గించేది) తర్వాత అర లీటరు సోడా సీసా ఒకటి అదనంగా పెట్టడం కూడా బాగా పనిచేసింది. రెగ్యులేటర్ ఒక్కసారిగా అంత గాలి ఇవ్వలేదు, పక్కనే 3 బార్ దగ్గర సిద్ధంగా ఉన్న అర లీటరు ఇవ్వగలదు, బంతికీ బంతికీ మధ్య అది మళ్లీ నిండుతుంది.

చెయ్యి ఆగే చోట లారీ టైరు రబ్బరు దిమ్మ. ఇది లేకుండా సిలిండర్ మూత మీదే ప్రతి దెబ్బా ఆపితే కొన్నాళ్లకి మూత ఊడొస్తుంది. ఆ దిమ్మ ఎక్కడుందన్నదే బంతి ఎప్పుడు వదలాలో కూడా నిర్ణయిస్తుంది, ఒక వేలెడు వెనక్కి జరిపితే ఫుల్‌టాస్, ముందుకి జరిపితే రోబో కాళ్ల దగ్గరే పడుతుంది. సుమారు 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే నాలుగు మీటర్ల దూరంలో పిచ్ అవుతోంది. దిమ్మ కదపకుండా లెంగ్త్ మార్చాలంటే రెగ్యులేటర్ నాబ్ ఉంది. 2.5 బార్ దగ్గర షార్ట్, 3 దాటిస్తే బ్యాట్స్‌మన్ కాళ్ల దగ్గర.

మొదటి వికెట్ పడగానే సెల్లార్‌లో గొడవ, "అది చకింగ్ అంకుల్, నోబాల్". ఐసీసీ నిబంధన 15 డిగ్రీలకి మించి మోచెయ్యి సాగకూడదని, దీనికి మోచెయ్యే లేదని చెప్పాను. ఔటైనవాడు ఒప్పుకోలేదు, మిగతావాళ్లు ఒప్పుకున్నారు.

ప్రస్తుతం ఉన్న ఇబ్బంది ఒకటే. ఓవర్ చివరికి వచ్చేసరికి బంతి కొంచెం పొట్టిగా పడుతోంది. వరసగా వేగంగా వేస్తే అర లీటరు సీసా పూర్తిగా నిండే టైము దొరకడం లేదని గేజీ చూస్తే అర్థమవుతోంది, ముల్లు 3 కి చేరకముందే బటన్ నొక్కుతున్నారు. రెగ్యులేటర్‌కి వచ్చే ట్యూబు 6 బదులు 8 ఎంఎం వేయాలి, దానికి తగ్గ ఫిట్టింగులు రెండు కావాలి. అది కుదిరేదాకా కోడ్‌లో బంతికీ బంతికీ మధ్య ఎనిమిది సెకన్ల గ్యాప్ పెట్టేశాను. బౌలర్ రనప్ అని చెప్పాను, నమ్మారు.